బండా, చుక్కపిట్టలూ

ఆ జూలో ఖడ్గమృగాన్ని చూసుకునేది ఒక బక్కపలచని మనిషి. గాలి గట్టిగా వీస్తే ఎవరైనా పట్టుకోవాలేమో అన్నట్టుండేది. గోడకి అవతల, అగ్గిపెట్టెలో పట్టేంత పిట్టల్ని పెంచే గదిలో పనిచేసేది ఆమె ఆడపడుచు. ఈవిడ పొడగరి, చేతులు పెద్దవి, ఆ గది గుమ్మం దాటాలంటే తల వంచాల్సి వచ్చేది. కొత్తగా చేరినవాళ్ళు ఇద్దర్నీ చూసి, పనులు తారుమారు చేసి ఇచ్చారా అని అడిగేవాళ్ళు. "బండని మా ఆడపడుచుకిస్తే భయపడి అదే పారిపోతుంది," అనేది వదిన.

బండ అంటే ఆ ఖడ్గమృగమే. కాగితాల్లో దానికింకేదో పేరుంది. వదిన పనిలో చేరిన రోజు అది కదలకుండా పడుకుని ఉంటే, రాయి అనుకుని దాని పక్కనే గడ్డిమోపు దించింది. రాయి లేచి గడ్డి నమిలింది. అప్పట్నుంచీ అది బండే. పిలిస్తే ముందు ఒక చెవి తిప్పేది. గొంతు వదినదైతే లేచి వచ్చేది, ఇంకెవరిదైనా అయితే చెవి మళ్ళీ వెనక్కి తిప్పేసుకునేది. ముసలిదైంది. ఎండకీ ఈగలకీ ఆగే చర్మం కాదు దానిది, చూడ్డానికే మందం. అందుకని రోజులో సగం బురదగుంటలో గడిపేది. లేచాక ఒంటికి పట్టిన బురదే దానికి మందు, అదే దానికి చొక్కా.

చుక్కపిట్టల సంగతి వేరు. గోధుమరంగు ఒళ్ళు, గొంతు కింద తెల్లటి చుక్క. ఒకప్పుడు కొండవాలు అడవుల్లో తెల్లవారిందంటే వాటి పాట వినబడాల్సిందేనట. ఆ అడవులు పోయాయి. ఇప్పుడు ఆ జూలో ఉన్నవే మిగిలినవి, ఇంకెక్కడైనా ఉంటే ఎవరి కంటా పడలేదు. వాటిచేత పిల్లల్ని పెట్టించి, మళ్ళీ నాటిన అడవిలో వదలాలని జూవాళ్ళ ప్రయత్నం. అందుకే వాటికి మనిషి మొహం అలవాటు కాకూడదు. ఆడపడుచు నల్లతెర వెనక నిలబడి, గోడకున్న కంతలోంచి పురుగులూ నీళ్ళూ అందించేది. నోరు విప్పేది కాదు. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తేది.

ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, వదినా, ఆమె భర్తా, అతని చెల్లెలూ. అతను సిటీ బస్సు నడిపేవాడు. భోజనాల దగ్గర వదినకి ఆడపడుచుని ఆటపట్టించకపోతే ముద్ద దిగేది కాదు.

"ఈ పూట నీ బిడ్డలు ఎంత మేశారమ్మాయ్?"

"ఒక గరిటెడు పురుగులు."

"ఒక్కొక్కరూనా?"

"అందరూ కలిసి."

"మా పిల్ల ఒక్కతే మూడు మోపులు లాగించింది."

"మీ ఇద్దరి పిల్లల్లో ఎవరు గొప్పో తేలేలోగా నాకు కాస్త కూర వడ్డించండి," అనేవాడు అన్న.

ఆ పిట్టల దగ్గర ఉద్యోగం ఇప్పించింది కూడా వదినే. ఆడపడుచు పనిచేసే బట్టల మిల్లు మూతపడి, ఆమె ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో, వదిన జూ పెద్దసారు గది ముందు పట్టువదలకుండా నిలబడింది. "చేతులు పెద్దవే గానీ మెత్తనివి సార్," అని చెప్పి ఒప్పించింది.

ఆ ఏడాది పిట్టలకి కొత్త పంజరాలు కట్టారు. జనం తిరగని చోటు, చప్పుడు లేని చోటు కావాలని వెతికి, బండ ఆవరణ గోడనానుకునే కట్టారు. ఎండలు ముదిరాక ఒక మగపిట్ట పాడటం మానేసింది. ఈకలు ఉబ్బించుకుని కొమ్మ మొదట్లో కూర్చుంది. మర్నాడు అది కిందపడి ఉంది. ఆడపడుచు దాన్ని అరచేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. తర్వాత ఇంకోటి, ఆ వెంటనే ఇంకోటి.

జూ డాక్టరమ్మ చచ్చిన పిట్ట రక్తం గాజుపలకకి పూసి, చాలాసేపు మైక్రోస్కోపులో చూసింది. "దోమకాటు జబ్బు. మనకొచ్చే మలేరియాకి తోడబుట్టింది అనుకో. వేరే పిట్టలైతే తట్టుకుంటాయి. వీటికి ఎప్పుడూ అలవాటు లేదు. ఒక్క దోమ చాలు," అంది.

పంజరాలకి సన్నటి జాలీ కొట్టించారు. అయినా తలుపు తెరిచినప్పుడల్లా ఏదో ఒకటి దూరుతూనే ఉంది. దోమలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలని డాక్టరమ్మ ఆడపడుచుని వెంటబెట్టుకుని గోడ చుట్టూ తిరిగింది. బండ బురదగుంట అంచున ఆగింది. అక్కడ నీళ్ళు కదలకుండా నిలిచి ఉన్నాయి. "ముంచు," అంది. ఆడపడుచు తెల్లటి గరిటె ముంచి పైకి తీసింది. గరిటె నిండా సన్నటి దోమపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. తలెత్తేసరికి వదిన చేతిలో చీపురుతో అవతలి ఒడ్డున నిలబడి ఉంది. గరిటె వైపు చూసి, ఆడపడుచు వైపు చూసి, ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

పెద్దసారు గదిలో మాట్లాడుకున్నారు. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. గుంటలో బురద రెండు మూడు రోజులకొకసారి పూర్తిగా తోడేసి కొత్తది వేస్తే దోమలు పుట్టవు. లేదంటే గుంట పూడ్చెయ్యాలి.

"తోడటానికి మనుషులేరండీ? ఉన్నవాళ్ళకే పని తెమలడం లేదు," అన్నాడు పెద్దసారు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ నిర్ణయమైనా ఆ రోజుతో తెగిపోవాలనుకునే మనిషి. "పూడ్చేద్దాం."

వదిన అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడింది. ముందుకొచ్చింది. "గుంట ముందు నుంచీ ఉంది సార్. పంజరాలే తర్వాత వచ్చాయి. వాటినే అవతలికి జరపండి."

"గూళ్ళు కట్టే కాలంలో కదిలిస్తే ఈ ఏడు గుడ్లే పెట్టవమ్మా."

"బురద లేకపోతే దాని ఒళ్ళు పగిలిపోతుంది."

"నూనె రాద్దాం. చూడమ్మా, ఖడ్గమృగాలు ఇంకా ఉన్నాయి. వేరే జూల్లో ఉన్నాయి, అడవుల్లో ఉన్నాయి. ఈ పిట్టలు ఇవే."

"ఖడ్గమృగాలు ఉన్నాయి సార్. బండ ఇది ఒక్కతే."

పెద్దసారు ఆడపడుచు వైపు చూశాడు, ఆమె ఏదైనా చెబుతుందేమోనని. ఆమె తల దించుకుంది.

రెండు లారీల కంకర తెచ్చి గుంట నింపారు. సాయంత్రం బండని బయటికి వదిలితే అది తిన్నగా అక్కడికే వెళ్ళింది. మూతితో రాళ్ళని నెట్టి చూసింది. ముందుకాలితో గీకింది. తర్వాత ఆ రాళ్ళ మీదే కూలబడబోయి, గుచ్చుకుని లేచింది. చీకటి పడేదాకా అక్కడే నిలబడింది. వదిన పిలిస్తే చెవి తిప్పింది గానీ రాలేదు.

ఎండ తగ్గలేదు. బండ మెడ మడతల్లో చర్మం పగిలి ఎర్రటి గీతలు తేలాయి, వాటి మీద ఈగలు మూగాయి. వదిన పొడుగు కర్ర బ్రష్షుతో నూనె రాసేది. పొద్దున రాసింది మధ్యాహ్నానికల్లా దుమ్ముతో కలిసి పొలుసులు కట్టేది. ఇంటికొచ్చాక ఆమె చేతులు నూనె కంపు కొట్టేవి. ఎంత తోమినా పోయేది కాదు.

అటు పిట్టలు చావడం ఆగింది. ఒక జంట గూడు కట్టింది. ఆడపడుచుకి ఆ మాట ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకోవాలని మనసు పీకేది. చెప్పడానికి మొహం చెల్లలేదు. భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. అన్న తన బస్సులో జరిగిన వింతలు ఏకరువు పెట్టేవాడు. వదిన "ఊఁ" అనేది, ఆ ఊఁ ఏ మాటకో ఆమెకే తెలియదు.

ఒకరోజు అన్నే అన్నాడు, "నాకు ఎటు తిరిగినా నా మనుషులే. ఎవరి పక్కన కూర్చోమంటారో చెప్పండి, అక్కడే కూర్చుంటా."

"మీరెక్కడ కూర్చుంటే ఏముంది లెండి," అంది వదిన. తర్వాత ఆడపడుచు వైపు తిరిగింది. "ఒక్క సంగతి చెప్పు. బండ నా అడుగుల చప్పుడు వినే లేస్తుంది. నీ పిట్టకి నువ్వెవరో తెలుసా?"

"తెలీదు."

"నువ్వు రేపు చచ్చిపోతే దానికి తెలుస్తుందా?"

"తెలీకూడదు వదినా. నేను తెలిస్తే అది అడవిలో బతకదు."

"మరి దేనికోసం ఇంత చాకిరీ?"

తను తెర వెనక నిలబడి వినే పాటని మాటల్లో ఎలా చెప్పాలో ఆడపడుచుకి తెలియలేదు. "అవి పోతే ఇంక రావు," అని మాత్రం అంది. వదిన పళ్ళెం తీసుకుని లేచింది.

కొన్నాళ్ళకి ఆడపడుచు గోడ మీద నుంచి చూస్తే బండ పక్కల మీద తడి ఆరని బురద కనిపించింది. అసలు ఆ ఆవరణలో చుక్క నీరు లేదు. పని ముగించుకుని అటు వెళ్ళింది. బండ పడుకునే కొట్టం వెనక, బయటికి కనిపించని చిన్న పెరట్లో, వదిన గుంట తవ్వింది. పైపుతో నీళ్ళు పెడుతోంది. బండ అందులో ఒక పక్కకి పొర్లి, కళ్ళు మూసుకుని, కడుపులోంచి సన్నగా మూలుగుతోంది. పసిపిల్ల నిద్రలో చేసే చప్పుడులా ఉంది. ఆడపడుచు వచ్చినంత నెమ్మదిగా వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అడిగింది. "వదినా, ఆ వెనక గుంట…"

వదిన తిరిగి చూడలేదు. "తోడేస్తున్నాలే. రెండ్రోజులకోసారి ఖాళీ చేస్తున్నా."

"నువ్వొక్కదానివేనా?"

"మరెవరున్నారు?"

ఆడపడుచు ఆ మాట నమ్మింది. నమ్మితే ఇంకేమీ చెయ్యనక్కర్లేదు గనక నమ్మింది. వదిన కూడా అబద్ధం చెప్పలేదు. మొదట్లో తోడింది. తడిమట్టి తట్టలు మోసి మోసి నడుం పట్టేసింది. వారం పాటు వంగలేకపోయింది. ఆ వారం గుంటలో నీళ్ళు అలాగే నిలిచాయి. కాస్త తగ్గాక చేద్దాంలే అనుకుంది.

గూట్లో గుడ్ల మీద కూర్చున్న ఆడపిట్ట కూర్చున్నట్టే చచ్చిపోయింది. ఆడపడుచు కంతలోంచి పురుగులు అందించినా అది మెడ చాచలేదు. కాసేపు చూసి లోపలికెళ్ళింది. గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. వాటిని పత్తిలో పెట్టి, ఆ పెద్ద చేతుల్లో పొదిగే పెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. గుడ్లు పెట్టెలో పెట్టాక, తెల్లగరిటె పట్టుకుని తిన్నగా కొట్టం వెనక్కి వెళ్ళింది. ముంచింది. గరిటెలో మళ్ళీ అవే పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

వదినతో ముందు చెప్పాలనుకుంది. ఆవరణ గేటు దాకా వెళ్ళింది కూడా. వదిన ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో బండ చెవి వెనక రాస్తోంది. ఆడపడుచు గేటు తియ్యలేదు. అక్కణ్ణుంచి డాక్టరమ్మ గదికి వెళ్ళి గరిటె బల్ల మీద పెట్టింది.

"ఎక్కడిది?" అంది డాక్టరమ్మ.

ఆడపడుచు చెప్పింది.

ఆ సాయంత్రానికే వదినని టికెట్ల గేటుకి మార్చారు. పెద్దసారు కేకలు వెయ్యలేదు. "ఇంతకంటే నేను తగ్గించలేనమ్మా," అన్నాడు. వెనక గుంట కూడా పూడ్చేశారు. ఎవరు చెప్పారో వదిన అడగలేదు. ఆమెకి తెలుసు. ఇంటికొచ్చి వంట చేసింది, ముగ్గురికీ వడ్డించింది, ఆడపడుచు పళ్ళెంలో కూడా అంతే పొందికగా వడ్డించింది. అదే ఆడపడుచు భరించలేకపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

బండని చూడటానికి పెట్టిన కొత్తమనిషి జింకల దగ్గర పనిచేసినవాడు. బండ అంటే అతనికి హడల్. ఇనపకడ్డీల అవతల నుంచే గడ్డి విసిరేవాడు. బండ ఆ గడ్డి ముట్టలేదు. సాయంత్రం కొట్టంలోకి రాలేదు. గేటు వైపు తిరిగి నిలబడేది. కంకర మీద గీకిన ముందుకాలు చీరుకుని చీము పట్టింది. చూడటానికొచ్చిన జనం ముక్కులు మూసుకుని, జంతువుని ఇలా ఉంచుతారా అని ఆఫీసులో తగాదా పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. టికెట్లు చింపే వదినతో కూడా అనేవాళ్ళు. ఆమె చిల్లర లెక్కపెట్టి ఇచ్చేది.

ఆడపడుచు రోజూ గోడ మీద నుంచి చూస్తూనే ఉంది. పొదిగే పెట్టెలో ఒక గుడ్డు చిట్లి పిల్ల బయటపడింది. మిగిలినవి మురిగిపోయాయి. పిల్లకి గంటగంటకీ పురుగు నలిపి పెట్టాలి. పెడుతూ ఉండగా అవతల నుంచి బండ గొంతు వినిపించింది. ఎప్పుడూ చేసే మూలుగు కాదు, పొడుగ్గా, తెగకుండా ఉంది. ఆ అరుపు ఆగాక ఆమె చేతులు కడుక్కుని పెద్దసారు గదికి వెళ్ళింది.

"మా వదినని బండ దగ్గరికి పంపించండి సార్."

"ఏ మొహం పెట్టుకుని పంపనమ్మా? చెప్పింది నువ్వే కదా."

"చెప్పింది నేనే. గుంట మళ్ళీ తవ్వించండి. రోజూ బురద తోడి కొత్తది వేస్తాం."

"ఎవరు తోడతారు?"

"నా పని మొదలయ్యేలోపు నేను తోడతా."

"ఎన్నాళ్ళు?"

"బండ ఉన్నన్నాళ్ళూ."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పటికే ఆయనకి జనం తగాదాలతో తలనొప్పిగా ఉంది. "ఒక్క పురుగు కనబడిందా, ఇద్దరూ టికెట్ల గేటుకే," అన్నాడు.

వదిన తిరిగొచ్చిన పొద్దున, బండ ఆమె అడుగులు విని చెవి తిప్పింది. లేవబోయి, ముందుకాలు ఆనక మళ్ళీ కూలబడింది. వదిన దాని మూతి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కాసేపటికి గుంట దగ్గర పార చప్పుడు వినిపిస్తే లేచి వచ్చింది. ఆడపడుచు అప్పటికే మోకాలి లోతు బురదలో ఉంది. వదిన ఇంకో పార తీసుకుంది.

"నువ్వు వంగకు," అంది ఆడపడుచు. "తట్టలు నేను మోస్తా."

వదిన బురద తీసి తట్టలోకి వేసింది.

"నాతో ముందు చెప్పి ఉండాల్సింది," అంది వదిన.

"చెబితే ఆపేదానివా?"

వదిన పార మీద చేతులానించి ఆలోచించింది. "లేదు," అంది. "ఆపేదాన్ని కాదు. ఇంకోచోట తవ్వేదాన్ని." మళ్ళీ పని అందుకుంది. "అయినా చెప్పాల్సింది."

"అవును."

రోజులు అలాగే నడిచాయి. బండ చర్మం మెల్లగా మానింది. కాలు మానింది గానీ కుంటు మిగిలింది. ఇంట్లో మాటలు మొదలయ్యాయి, అవసరమైనంతవరకే. ఒకరి నడుముకి ఇంకొకరు కాపడం పెట్టుకునేటప్పుడు కూడా పాత వేళాకోళం రాలేదు. అన్న ఒకటి రెండుసార్లు ఎత్తుకోబోయి మానేశాడు.

పిట్టపిల్లకి ఈకలు వచ్చి పంజరంలోకి మార్చాక ఒకరోజు వదిన తనంతట తనే అడిగింది. "ఇంత గొడవ జరిగింది, నేను దాన్ని ఒక్కసారీ చూడలేదు."

ఆడపడుచు ఆమెని నల్లతెర వెనక్కి తీసుకెళ్ళి, కంత చూపించింది. వదిన వంగి కన్ను ఆనించింది. లోపల చిన్నపిట్ట ఒక రెమ్మ మీంచి ఇంకో రెమ్మ మీదకి దూకింది. గొంతు కింద చుక్క ఇంకా సరిగా తేలలేదు. అది పాడటం నేర్చుకోవాల్సిన కాలం. తండ్రి పాడితే పిల్ల వింటుంది. తల్లి వెనకే తండ్రి కూడా ఆ జబ్బుతోనే పోయింది గనక డాక్టరమ్మ పాత రికార్డు వినిపిస్తోంది. పిల్ల తల వాల్చి వింది, నోరు మాత్రం తెరవలేదు.

బయటికొచ్చాక వదిన తలుపు దగ్గరగా వేసింది. తర్వాత, "నిజం చెప్పనా? అది ఉన్నా లేకపోయినా నాకు తెలిసేది కాదు," అంది.

"తెలుసు."

"ఇప్పుడు తెలుస్తుంది. అదే బాధ."

వానలు మొదలయ్యాయి. మొదటి వాన తెరిపివ్వగానే ఇద్దరూ గుంట తోడేశారు. తోడి తలెత్తి చూస్తే జూ అంతా నీళ్ళే. దారి పక్కన, పూలకుండీల కింద, గోడకి అవతలి ఇళ్ళ ముందు. డాక్టరమ్మ గొడుగు కింద నిలబడి, "ఒక్క గుంటతో అయ్యేది కాదు ఇది," అంది. అన్నట్టే ఆ వానాకాలంలో రెండు పిట్టలు పోయాయి. గుంటలో మాత్రం ఒక్క పురుగూ కనబడలేదు. ఆ దోమలు ఎక్కడివో ఎవరూ చెప్పలేకపోయారు. పిల్లపిట్ట బతికింది.

ఆ రెండో పిట్ట పోయిన రోజు ఆడపడుచు తెర వెనకే కూర్చుండిపోయింది, ఇంటికి రాలేదు. వదిన వచ్చి చూసింది. పక్కన కూర్చోలేదు. ఒక ఖాళీ బకెట్టు తీసుకుని గోడ చుట్టూ తిరిగి అవతలి వీధిలోకి వెళ్ళింది. ఆమె ఎంతకీ రాకపోతే ఆడపడుచు లేచి వెతుక్కుంటూ వెళ్ళింది. మొదటి ఇంటి ముందు వదిన పాత టైరులో నిలిచిన నీళ్ళు బకెట్టులోకి వంచుతోంది. ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఏమిటని అడుగుతోంది.

"అవతల పిట్టలున్నాయండీ. దోమ కుడితే చచ్చిపోతున్నాయి."

"ఏం పిట్టలు?"

"చుక్కపిట్టలు. మీరు చూసుండరు. నేనూ చూడలేదు మొన్నటిదాకా." వదిన నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. "వాటి మీద నాకేం ముచ్చట లేదండీ. నాది వేరే జంతువు. కానీ నీళ్ళు నిలవనివ్వకండి, మీకు పుణ్యముంటుంది."

ఇంటావిడ కాసేపు ఆమెని ఎగాదిగా చూసి, గుమ్మం పక్కనున్న కుండీ ఒకటి తనే వంచింది. ఆడపడుచు వచ్చి బకెట్టు అందుకుని కాలవలో పారబోసింది. వీధి చివరిదాకా ఇళ్ళున్నాయి, ప్రతి ఇంటి ముందూ ఏదో ఒకదాంట్లో నీళ్ళున్నాయి. ఆకాశం మళ్ళీ మూసుకుంటోంది. ఇద్దరూ పక్కింటి గేటు తట్టారు.